పదిహేడో భాగంలో చేతులు

తాళాలాయన మొహం ఎవరికీ గుర్తుండదు గానీ, చేతులు ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. మొహానిదేముంది, బస్సులో పక్కసీట్లో రోజూ కనిపించే మొహమే. ఎడమచేతి బొటనవేలి గోరు మాత్రం నిలువునా చీలి, మధ్యలో లోతుగా గాడి పడి, ఒకే వేలికి రెండు గోళ్ళు మొలిచినట్టు ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో సుత్తి గురి తప్పింది. తండ్రి ఆ వేలికి గుడ్డ చుట్టి, "పర్లేదులేరా, ఇంక నువ్వెక్కడ తప్పిపోయినా పట్టుకోవచ్చు" అన్నాడట. ముసలాయన సరదాకి అన్నాడు. చివరికి ఆ గోరే కొంప ముంచింది.

కొట్టు ఒక మూడంతస్తుల మేడ మెట్ల కింద ఉంది. ఒక పక్క జిరాక్స్ కొట్టు, ఇంకో పక్క టైలరు. నిలబడితే తల మెట్లకు కొట్టుకుంటుంది కాబట్టి ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అక్కడ కూర్చునే అన్ని పనులూ. గోడ నిండా మేకులు, మేకులకు మొద్దు చెవులు, అంటే ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవులు. నూనెగుడ్డలో చుట్టిన ఆకురాళ్ళు. ఒక కొవ్వొత్తి.

తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు పిలిస్తే ఇంటికి వెళ్ళేవాడు. మొద్దు చెవిని కొవ్వొత్తి పొగలో నల్లగా చేసి, తాళంలో పెట్టి మెల్లగా తిప్పి తీసేవాడు. లోపల తగిలినచోట మసి చెరుగుతుంది. చెరిగినచోట ఆకురాయితో గీసేవాడు. మళ్ళీ మసి, మళ్ళీ గీత, అలా ఇరవైసార్లో ముప్ఫైసార్లో. తాళం తెరుచుకున్నాక ఆ నమూనా చెవిని పక్కన పెట్టుకుని శుభ్రమైన కొత్త చెవి కోసి ఇచ్చేవాడు. ఆ తర్వాత, ఇంటివాళ్ళని దగ్గరికి పిలిచి, వాళ్ళ కళ్ళ ముందే నమూనాను కటింగ్ ప్లేయర్‌తో రెండు ముక్కలు చేసి, ఆ ముక్కలు వాళ్ళ చేతిలోనే పెట్టేవాడు. "మీ ఇంటి గుట్టు నా జేబులో ఉండకూడదు" అనేవాడు. అది తండ్రి పెట్టిన పద్ధతి, తండ్రి అన్న మాట. ఆ ఒక్క పద్ధతి వల్ల వీధివీధంతా ఊళ్ళకు పోతూ కూడా ఇంటి చెవి ఆయన కొట్లో మేకుకు తగిలించి పోయేవాళ్ళు. అంత నమ్మకం.

ఇక బావ సంగతి. తాళాలాయన భార్యకు స్వయానా అన్న. టీవీ రచయిత. ఆ రోజుల్లో శనివారం సాయంత్రం అయ్యేసరికి జనమంతా ఎక్కడి పనులు అక్కడ వదిలేసి చూసిన నేర పరిశోధన సీరియల్ ఒకటి ఉండేది. వాన ఉన్నా లేకపోయినా చంకలో గొడుగుతో తిరిగే ఇన్‌స్పెక్టరు, వారానికో నేరం, చివరి మూడు నిమిషాల్లో దొంగ ఎవరో తేలడం. ఆ కథల్లో సగం మన బావ రాసినవే. మనిషి మాటకారి. మెడలో ఎప్పుడూ ఒక కండువా. ఎక్కడ కూర్చుంటే అక్కడ సభ. తాళాలాయనకి ఆ బావంటే ప్రాణం. చదువుకున్నవాడు, పేరున్నవాడు వచ్చి తన మెట్ల కింద కొట్లో ముక్కాలిపీట మీద ముడుచుకుని కూర్చుంటే ఆయనకి ఏనుగెక్కినంత సంబరం.

ఒకరోజు మధ్యాహ్నం ఆ పీట మీదే కూర్చుని బావ అడిగాడు. "బావా, ఊరికే అడుగుతున్నా. నీలాంటి పనివాడు మోసం చెయ్యాలనుకుంటే ఎలా చేస్తాడు?"

ఇంకొకరైతే, ఛీ ఛీ మనకెందుకు ఆ మాటలు అనేవాడు. తాళాలాయన పనిమంతుడు. పనిమంతుడికి తన పనిలో బొక్క ఎక్కడుందో చూపించడం కూడా గొప్పే. ఆయన కోతలో పాడైన ఒక పాత చెవిని అరచేతిలో దాచుకుని, ఇంకోదాన్ని ఇదే నమూనా అనుకో అని బావకి చూపించి, రెప్పపాటులో రెండూ మార్చి, పాతదాన్ని పుటుక్కున విరిచి బావ చేతిలో పెట్టాడు. అసలుది చొక్కా మడతలో ఉంది.

"విరిగిన ముక్కల్ని తాళంలో పెట్టి చూసేవాడెవడు?" అన్నాడు నవ్వుతూ. "ఇది నాకు నేనుగా ఆలోచించుకున్నది బావా. మా నాన్నకి కూడా తెలీదు. ఎవరికీ చెప్పకేం."

"నీ మీద ఒట్టు" అన్నాడు బావ.

నెల తిరక్కుండా బావ మళ్ళీ వచ్చాడు. సీరియల్‌లో తాళాలు చేసే మనిషి మీద ఒక భాగం రాశాననీ, నటుడికి ఆకురాయి పట్టుకోవడం కూడా చేతకావడం లేదనీ, చేతులు మాత్రం దగ్గరగా చూపించే ముక్కలకి నువ్వు రావాలనీ బతిమాలాడు. "దొంగతనం ఆ పాపం మనిషి మీదికి వస్తుంది బావా. ఇన్‌స్పెక్టరు కూడా అనుమానిస్తాడు. చివర్లో కడిగిన ముత్యంలా బయటపడతాడు. నిన్ను చూసే రాశాను" అన్నాడు.

తాళాలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూడియోకి వెళ్ళాడు. నల్లగుడ్డ పరిచిన బల్ల, మాడు పగిలే లైట్లు. ముందు మామూలుగా చెవి చేయించారు, విరిపించారు. తర్వాత డైరెక్టరు, "ఇప్పుడు ఆ మార్చే పద్ధతి కూడా ఒకసారి" అన్నాడు. తాళాలాయన బావ వైపు చూశాడు. "ఇన్‌స్పెక్టరు ఊహలో కనిపించే ముక్కే బావా అది" అన్నాడు బావ. సరే అని చేశాడు. అబ్బో అన్నారంతా. ఆయనకి మాత్రం తృప్తి కలగలేదు. అరచేయి అంచున ఇత్తడి కాస్త మెరిసింది. "ఇంకోసారి తియ్యండి సార్, బాగా రాలేదు" అని తనే అడిగాడు. అలా అడిగి అడిగి ఐదుసార్లు తీయించుకున్నాడు. మనిషి తన గొయ్యి తను ఇంత శ్రద్ధగా, ఇంత నునుపుగా తవ్వుకోవడం ఎక్కడైనా ఉంటుందా?

పదిహేడో భాగం వచ్చే శనివారం తాళాలాయన వీధంతా చాటింపు వేశాడు. నా చేతులు టీవీలో వస్తున్నాయి, చూడండి చూడండి అని. టైలరునీ టైలరు భార్యనీ, జిరాక్స్ కొట్టతన్నీ ఇంటికే పిలిచాడు. మొదటి పది నిమిషాలు గదిలో ఒకటే సందడి. "ఇదిగో గోరు, ఇదిగో గోరు" అని టైలరు భార్య అందరికన్నా ముందు పోల్చుకుంది. కథలో తాళాలు చేసేవాడు కొత్త చెవి ఇచ్చాడు, నమూనా విరిచాడు, ఇంటావిడ చేతిలో ముక్కలు పెట్టాడు. "మీ ఇంటి గుట్టు నా జేబులో ఉండకూడదు" అన్నాడు. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. ఆ వారమే ఆ ఇల్లు దోపిడీ అయింది. గొడుగు ఇన్‌స్పెక్టరు విరిగిన ముక్కలు తెచ్చి తాళంలో పెట్టి చూశాడు. పట్టలేదు. అప్పుడు చూపించారు, ఆ గోరున్న బొటనవేలి కింద నుంచి అసలు చెవి మెల్లగా చొక్కా మడతలోకి జారడం. సంకెళ్ళు పడ్డాయి. పేర్లు పడ్డాయి. అయిపోయింది.

కడిగిన ముత్యం ఎక్కడా బయటపడలేదు. టైలరు భార్య, స్టవ్ మీద పాలు పెట్టి వచ్చానంటూ లేచింది. టైలరు కూడా లేచాడు. జిరాక్స్ కొట్టతను మాత్రం, "మీ చేతులు బాగా పడ్డాయండీ" అని ఒక మంచిమాట అని వెళ్ళాడు.

మర్నాటి నుంచి మేకులకు తగిలించిన ఇంటి చెవులు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. మా అత్తగారొచ్చారు, ఇంక ఇంట్లో మనిషి ఉంటారు అనేవాళ్ళొకరు, ఊరెళ్ళడం మానుకున్నాం అనేవాళ్ళొకరు. ఇంటి తాళానికి పిలిచినవాళ్ళు, ఆయన నమూనా విరవబోతే ఆయన మొహం చూడటం మాని చొక్కా చేతులకేసి చూసేవాళ్ళు. "మీరే తాళంలో పెట్టి చూసుకుని మీ చేత్తోనే విరవండి" అని కటింగ్ ప్లేయర్ వాళ్ళకిచ్చి చూశాడు. "ఇంకోటి ముందే చేసి పెట్టుకోలేదని ఏమిటి నమ్మకం?" అని ఒక పెద్దాయన ఉన్నమాట అనేశాడు. తండ్రి పెట్టిన పద్ధతి, ఏ పద్ధతి చూసి జనం నమ్మేవాళ్ళో, అదే ఇప్పుడు దొంగ గుర్తయి కూర్చుంది. ఏడాది తిరిగేసరికి ఇళ్ళకి పిలవడం పూర్తిగా ఆగిపోయింది. పెట్టెల తాళాలు, సైకిల్ తాళాలు మిగిలాయి.

బావని అడగలేదా అంటే అడిగాడు. ఆ సోమవారమే వెళ్ళాడు. బావ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నేను రాసింది అది కాదు బావా. చివర్లో ఇంటాయన తమ్ముడే దొంగని తేలుతుంది. ఆ సీను తీశారు కూడా. నిడివి ఎక్కువైందని డైరెక్టరు కోసేశాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను, వినలేదు" అన్నాడు. ఇంకేముంది, వెళ్ళినవాడు అడగడం మాని ఓదార్చడం మొదలుపెట్టాడు. "పోనీలే బావా, నువ్వేం చేస్తావు" అని తనే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

అప్పటినుంచి ఇరవై రెండేళ్ళు ఆ కోసేసిన సీనుని పట్టుకుని బతికాడు. వీధిలో ఎవరు పాత సంగతి ఎత్తినా, అత్తవారింట్లో నలుగురూ భోజనానికి కూర్చున్నప్పుడు ఎత్తకపోయినా, తనే చెప్పేవాడు. మా బావ తప్పేం లేదు, చివరి సీను ఉంది, కోసేశారు, బావ దానికోసం ఏడ్చాడు అని. భార్య పక్కనే ఉండి అవునండీ అనేది. పోయిన నమ్మకం పోయింది, బావైనా మిగిలాడన్నది ఆయన ధైర్యం.

మొన్నామధ్య ఆ సీరియల్ మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టారు. బావే ఫోన్ చేసి చెప్పాడు. "మన పదిహేడో భాగానికి జనం వెర్రెత్తిపోతున్నారు బావా. కింద జనం రాసిన అభిప్రాయాలు వెయ్యి దాటాయి. చూడు" అన్నాడు. ఆ గర్వంలో తను కింద ఏం రాశాడో మనిషికి గుర్తున్నట్టు లేదు. తాళాలాయనకి కంట్లో శుక్లాలు, చిన్న అక్షరాలు కనపడవు. ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేసే కూతురు ఆదివారం పొద్దున వస్తే పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అన్నీ చదవమ్మా. అప్పట్లో పనిచేసినవాళ్ళెవరైనా ఆ చివరి సీను సంగతి ఎత్తుతారేమో. ఒక్కరు ఎత్తినా చాలు, అది కాగితం మీద తీయించి కొట్లో అంటిస్తాను."

"వెయ్యి ఉన్నాయి నాన్నా."

"ఉండనీ. నాకేం తొందర?"

కూతురు చదివింది. ఇన్‌స్పెక్టరు గొడుగు మొదట్లో కుడిచంకలో ఉండి తలుపు దాటేసరికి ఎడమచంకలోకి ఎలా వచ్చిందని ఒకరి ప్రశ్న. చిన్నప్పుడు ఈ భాగం చూసి వారం రోజులు తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నామని ఒకావిడ. నేపథ్య సంగీతం చెవులు తూట్లు పొడుస్తోందని ఒకాయన, నీ చెవులే బాగోలేవని ఇంకొకాయన, వాళ్ళిద్దరి మధ్య పదకొండు ఉత్తరప్రత్యుత్తరాలు. తాళాలాయన కడుపుబ్బ నవ్వాడు. ఆ చేతులకి అవార్డు ఇవ్వాలి అని ఎవరో రాస్తే, "ఏదీ, మళ్ళీ చదువు" అన్నాడు. భార్య మంచం మీద బట్టలు మడతపెడుతూ వింటోంది.

ఇంకొకరు ఇలా రాశారు. "చివర్లో అతను నిర్దోషి అని తేల్చి ఏడిపించకుండా, దొంగను దొంగగానే ఉంచారు చూడండి, అక్కడే ఈ భాగం నిలబడింది."

"దీనికి కింద ఒక జవాబుంది" అంది కూతురు. తర్వాత ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు. ఎవరో ఏదో..."

"చదువమ్మా."

కూతురు తల్లి వైపు చూసి, "మావయ్య రాశాడు నాన్నా. ఫోటో కూడా ఉంది, కండువాతో" అంది. తర్వాత గొంతు తగ్గించి చదివింది. "ధన్యవాదాలు. నిజానికి డైరెక్టరు చివర్లో అతన్ని నిర్దోషిని చేద్దామన్నాడు. నేను రెండు రోజులు భీష్మించుకు కూర్చున్నాను. మార్చేపనైతే కథ వెనక్కి తీసుకుంటానన్నాను. మార్చిన సీను రాయనూ లేదు, తియ్యనూ లేదు. ఇంకో విశేషం. ఆ చేతులు నటుడివి కావు, నిజంగా తాళాలు చేసే మనిషివి. మాకు బాగా తెలిసినవాడే. అతనికి కథ వేరేగా చెప్పాం. అసలుది చెప్పి ఉంటే ఆ చేతుల్లో అంత నిజాయితీ పలికేది కాదు."

దాని కింద నాలుగొందల మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

తాళాలాయన కూతురి పక్కకి ఇంకాస్త జరిగాడు. మళ్ళీ చదవమన్నాడు. కూతురు చదివింది. మూడోసారి కూడా చదవమన్నాడు. చివరి సీను కొయ్యలేదు, అసలు లేనేలేదు. లేని సీను కోసం ఇరవై రెండేళ్ళు. చూశారా ఆ పెద్దమనిషి నోరు? చేసిన ద్రోహం చాలక, దాన్ని వంటలో కిటుకు చెప్పినట్టు ముక్కూమొహం తెలియని జనానికి విప్పి చెప్పుకున్నాడు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ, చూడు బావా అని ఫోన్ కూడా చేశాడు.

"ఏదో గొప్పకి రాసుంటాడు లెండి" అంది భార్య, మడత వైపే చూస్తూ.

"నేను చెప్తాను, కింద రాయమ్మా" అన్నాడు తాళాలాయన కూతురితో. కూతురు రాసింది. "ఈ చేతులు నావి. నాకు చెప్పిన కథ వేరు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తాళాలు చేస్తున్నాను. ఏ ఇంటి నమూనా నేను దాచుకోలేదు. దాచుకునే పద్ధతి ఈ కథ రాసినాయనకి నేనే చూపించాను. అదొక్కటే నేను చేసిన తప్పు." చివర్లో కొట్టు పేరు పెట్టనా అని కూతురు అడిగితే పెట్టమన్నాడు.

పావుగంటలో జవాబులు మొదలయ్యాయి. "అంకుల్, మా బీరువా చెవి పోయింది, మీరు మాత్రం రాకండి" అని ఒకడు. రోజుకొకరు ఆ చేతులు నావే అంటున్నారని ఒకడు. ఒక్కరు మాత్రం, "నిజమైతే పాపం" అని రాశారు. కూతురు అవన్నీ చదవకుండా దాటేద్దామనుకుంది గానీ, ఆయన ఒక్కటీ దాటనివ్వలేదు. ఒళ్ళు మండిపోతోంది, అయినా వింటున్నాడు.

అంతలో భార్య ఫోన్ మోగింది. ఆమె ఫోన్ పాతది, చెవిదగ్గర పెట్టుకున్నా అవతలి మాటలు గదంతా వినిపిస్తాయి.

"ఏమిటే ఆ రాతలు? పత్రికవాళ్ళు రేపు ఇంటికొస్తున్నారు నాతో మాట్లాడటానికి. పరువు తీస్తున్నాడు. ఇప్పుడే తీయించు."

"నేనప్పుడే చెప్పాను కదన్నయ్యా," అంది ఆమె, "ఎప్పటికైనా ఆయనకి తెలుస్తుందని."

అనేశాక ఆమెకి అర్థమైంది. ఫోన్ కిందికి దించింది. అవతల ఇంకా ఏదో వినిపిస్తూనే ఉంది. కూతురు ఆ ఫోన్ తీసుకుని కట్టేసింది.

"అప్పుడే అంటే ఎప్పుడు?" అన్నాడు తాళాలాయన.

ఆమె మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"నిన్నే. ఎప్పుడు?"

"ఆ వారమేనండి. అది టీవీలో వచ్చిన వారమే. డైరెక్టరు కోసేశాడని మీతో చెప్తానన్నాడు. నన్ను అవునను చాలు అన్నాడు."

"అన్నావు."

"మీకు నిజం తెలిస్తే మళ్ళీ ఆ గడప తొక్కరు. నన్ను తొక్కనివ్వరు. నాకు పుట్టిల్లంటూ ఉన్నది అదొక్కటే. ఒక్క ఏడాది పోతే అంతా మర్చిపోతారనుకున్నాను. మీరు మర్చిపోనేలేదు. రోజురోజుకీ దాన్నే చెప్పుకుంటూ వచ్చారు. ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పను?" ఆమె ఏడుస్తోంది.

తాళాలాయన తన చేతుల వైపు చూసుకున్నాడు. బావ చేసింది కడుపు మండించింది, కానీ ఇది ఇంకోలా ఉంది. బావ వచ్చిపోయే మనిషి. ఈమె పక్కనే కూర్చుంది. మేకులన్నీ ఖాళీ అయిన రోజు కూడా ఈమే భుజం మీద చెయ్యి వేసి, మా అన్నయ్య మీకోసం ఎంత ఏడ్చాడో అంది.

"ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకండి."

"ఎవరికి తెలుసు?"

"అమ్మకి తెలుసు, పోయేదాకా. వదినకి తెలుసు. తమ్ముడికీ, బాబాయికీ చెప్పాడు అన్నయ్యే." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మా వాళ్ళందరికీ తెలుసండి."

తాళాలాయనకి అత్తవారింటి భోజనాల బల్ల కళ్ళకి కట్టింది. ఎన్నిసార్లు కూర్చున్నాడో ఆ బల్ల దగ్గర. తను కథ ఎత్తుకునేవాడు, బావ తప్పేం లేదని మొదలుపెట్టేవాడు. అప్పుడు బావమరిది మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళేవాడు. బాబాయిగారు తల వంచుకుని మెతుకులు ఏరుకునేవాడు. మా అల్లుడిది వెన్నలాంటి మనసు అనేది అత్తగారు, ఇంకొంచెం వడ్డిస్తూ. ఆ మాట తలుచుకుని ఎన్ని రోజులు మురిసిపోయాడో. వాళ్ళంతా అన్నీ తెలిసి, తన మాటలు వింటూ, తనకి వడ్డించారు.

"ఆ మాట నేను చెప్తున్నప్పుడల్లా," అన్నాడు భార్యతో, "అందరూ నీ మొహం చూసేవాళ్ళు. నామీద ప్రేమ అనుకునేవాణ్ణి. నువ్వు తడుముకుంటావేమోనని చూసేవాళ్ళా?"

ఆమె తల వంచుకుని, మంచం మీది బట్టలు ఒక్కొక్కటే ఏరుకోవడం మొదలుపెట్టింది.